భరణం బాకీ: వారంటా, జీతం జప్తా?

విడాకులయ్యాక భరణం ఆగిపోతే, మహారాష్ట్రలోని బల్లార్షా, సిరొంచ వైపు మన ఆడవాళ్లకు రెండు దారులు.

బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 144(3), అంటే పాత సీఆర్‌పీసీ 125(3), కింద వారంటు తేవచ్చు. బాకీపడ్డ ఒక్కో నెలకు నెల దాకా జైలు. భయం పుడుతుంది సరే, లోపలున్నవాడికి సంపాదనేదీ? (జైలుకెళ్లొచ్చినా బాకీ మాత్రం తీరదు.) పైగా బాకీపడ్డ ఏడాదిలోపే అర్జీ పెట్టాలి.

మాజీ భర్త బొగ్గుగనిలో పర్మినెంటైతే నా ఓటు జీతం జప్తుకే. భరణం డిక్రీకి (సివిల్ కోర్టు తీర్పు ఉత్తర్వుకు) జీతంలో మూడింట రెండొంతుల దాకా పట్టొచ్చు. భరణం ఉత్తర్వును సివిల్ డిక్రీలా అమలు చేయించుకోవచ్చని 2020లో రజ్నేశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కూలికో ఆటోకో పోయేవాడైతే వారంటే దిక్కు. మంచిర్యాలకు మకాం మార్చాడా? ఆర్డరు కాపీతో అక్కడి మేజిస్ట్రేటునే అడగొచ్చు.