ట్రైలర్ కిటికీ లీకులకు 'సర్వరోగ నివారిణి' కిట్ కొంటున్నారా? ఆగండి

ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కిటికీల లీకులు ఆపడానికి ఒక టేపు చుట్ట, ఒక సీలెంటు (సందులు మూసే జిగురు పదార్థం) ట్యూబు, ఒక ప్లాస్టిక్ గీకుడు పలక కలిపి 'సంపూర్ణ కిటికీ మరమ్మతు కిట్' అంటూ అమ్ముతున్నారు. నేను కొన్నాను. వేసవి గడిచేసరికి టేపు ఎండి పగుళ్లిచ్చింది. ట్యూబులోని సరుకు పూసిన చోట, పెయింటు లేచిపోయిన అల్యూమినియం అంచు మీద తెల్లటి పొడి తేలింది. తొలి వానకే నీళ్లు మళ్లీ లోపలి గోడ మీదికి దిగాయి. డబ్బు వాపసు అడిగితే 'ట్యూబు మూత తెరిచారు కాబట్టి కుదరదు' అన్నారు. మూత తెరవకుండా సీలెంటు ఎలా పూయాలో మాత్రం వారు చెప్పలేదు.

ఇలాంటి కిట్‌లు రకరకాల పెట్టెల్లో, రకరకాల పేర్లతో వస్తాయి. పేరు కంటే లక్షణం చూసి గుర్తుపట్టడమే మేలు. నేను కొన్న పెట్టె మీద 'జలనిరోధకం', 'అన్ని ఉపరితలాలకు', 'శాశ్వతం' అని పెద్ద అక్షరాల్లో ఉంది. ట్యూబులో ఉన్నది సిలికోనా, పాలీయురేథేనా, హైబ్రిడ్ పాలిమరా అన్నది ఎక్కడా లేదు. తయారీ తేదీ కూడా లేదు. సీలెంట్లకు వాడుక గడువు ఉంటుంది. అది దాటిన ట్యూబు సరిగ్గా గట్టిపడకుండా జిగటగానే మిగిలిపోవచ్చు. తేదీ లేని ట్యూబుకు ఆ గడువు ఎలా లెక్కవేస్తాం?

ముందు టేపు సంగతి. చాలా ట్రైలర్లలో కిటికీ ఫ్రేము బయటి నుంచి గోడకు ఆనుకుని ఉంటుంది, లోపలి నుంచి ఒక రింగును స్క్రూలతో బిగిస్తారు. బయటి ఫ్రేము అంచుకూ గోడకూ మధ్య నలిగి నీటిని ఆపేది టేపే. అసలు కాపలాదారు అదే, పైన పూసే సీలెంటు కాదు. ఇక్కడ వాడాల్సింది బ్యూటైల్ టేపు. అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. ఎండకు ఫ్రేము సాగినా, చలికి ముడుచుకున్నా దాంతోపాటు కదులుతుంది. నా కిట్ పెట్టె మీద 'బ్యూటైల్' అనే ఉంది. లోపల ఉన్నది మాత్రం నూనె కలిపిన పుట్టీ టేపు. కాలం గడిచేకొద్దీ అందులోని నూనె ఇంకిపోతుంది, టేపు బిరుసెక్కి పగులుతుంది. పైకి రెండూ బూడిదరంగు పట్టీలే, చుట్ట రూపంలో చూస్తే తేడా తెలియదు. చిన్న ముక్క తీసి రెండు చేతులతో లాగండి. బ్యూటైల్ అయితే సన్నని తీగలా సాగుతూ పోతుంది, వేళ్లకు అంటుకుని వదలదు. పుట్టీ కొంచెం సాగగానే పుటుక్కున తెగుతుంది, వేళ్ల మధ్య నలిపితే మట్టిముద్దలా ఉంటుంది. ఈ పరీక్షను టేపు చుట్ట విప్పగానే, ఫ్రేము ఊడదీయకముందే చేయండి.

ఇక ట్యూబు. నొక్కగానే వెనిగర్ వాసన గుప్పుమంది. ఆ వాసన వచ్చిందంటే అది ఎసిటాక్సీ రకం సిలికోన్. గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదల చేస్తుంది. గాజుకు గాజు అతకడానికి అది మంచి సరుకే, చేపల తొట్టెలకు వాడేది ఈ కోవలోదే. కాని లోహాలకు ఆ ఆమ్లం పడదు, రక్షణ పూత లేని చోట తుప్పు పుట్టిస్తుంది. అల్యూమినియం ఫ్రేము పక్కన సిలికోనే వాడాలనుకుంటే, ఆమ్లం వదలని 'న్యూట్రల్ క్యూర్' రకం అని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉండాలి.

సిలికోన్‌తో ఇంకో పెద్ద చిక్కు ఉంది, దాన్ని ఏ అమ్మకందారూ ముందుగా చెప్పడు. ఒకసారి పూశాక అది వదిలే పల్చటి జిడ్డు పొర మీద ఏ సీలెంటూ సరిగ్గా పట్టదు. కొత్త సిలికోన్ కూడా పాత సిలికోన్ మీద నమ్మకంగా అతుక్కోదు. పెయింటు అసలే నిలవదు. గీకి తీసినా కంటికి కనబడని పొర మిగులుతుంది. దాన్ని కరిగించే ప్రత్యేక ద్రావణం పూసి, తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడవాల్సి వస్తుంది. కిట్ ధర కంటే కిట్ చేసిన పనిని చెరిపేయడానికే ఎక్కువ ఖర్చయింది.

పెట్టె మీద ఇంకో గారడీ: '500 శాతం సాగుతుంది.' అది తెగేలోపు ఎంత సాగుతుందనే లెక్క. కిటికీకి కావలసింది వేరే లెక్క: అతుకు పదేపదే తెరుచుకుని మూసుకుంటుంటే పట్టు విడవకుండా ఎంత కదలికను తట్టుకుంటుంది? దాన్ని ప్లస్ లేదా మైనస్ 25 శాతం, 50 శాతం అని చెబుతారు. సీలెంట్లకు ఏఎస్‌టీఎం (అమెరికాలోని ప్రమాణాల సంస్థ) పెట్టిన సీ920 ప్రమాణంలో క్లాస్ 25, క్లాస్ 50 అన్నవి ఇవే. మీటరు పొడవు అల్యూమినియం 40 డిగ్రీల తేడాకు దాదాపు 0.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినడానికి చిన్నదే. కాని వేలితో పల్చగా రాసిన పూతకు ఆ కదలిక చాలు, అంచు లేవడానికి. డేటా షీట్‌లో (తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల కాగితం) కదలిక సామర్థ్యం లేకుండా సాగే శాతం ఒక్కటే ఉంటే ఆ సరుకు జోలికి పోవద్దు. నాకు అమ్మినవారైతే డేటా షీటే ఇవ్వలేదు. అడిగితే 'వ్యాపార రహస్యం' అన్నారు. పేరున్న తయారీదారులు ఆ కాగితాన్ని ఉచితంగానే ఇస్తారు.

కిట్‌లోని సూచనల కాగితం కిట్ కంటే ప్రమాదకరం. ఫ్రేము చుట్టూ, కింది అంచుతో సహా, సందు లేకుండా పూయమంటుంది. జరిపే కిటికీల ఫ్రేము కింది భాగంలో వీప్ హోల్స్ అనే సన్నని రంధ్రాలు ఉంటాయి. కిటికీ జరిగే పట్టాలో చేరిన వాన నీరు బయటికి పోయే దారి అదే. వాటి మీద సీలెంటు పడితే నీరు పట్టా నిండి లోపలికి పొర్లుతుంది. అప్పుడు లీకు మరమ్మతే కొత్త లీకు అవుతుంది. మట్టితో పూడిన ఈ రంధ్రాలను సన్నని తీగతో శుభ్రం చేస్తేనే కొన్ని కిటికీలు బాగుపడతాయి, ఏ ట్యూబూ అక్కర్లేదు. గాజు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ కుంచించుకుని మూలల్లో సందు ఇవ్వడం వేరే జబ్బు, దానికి ఫ్రేము ఊడదీయడం వృథా. పైకప్పు అంచు నుంచో, గోడ పైభాగంలోని దీపం దగ్గర నుంచో దిగిన నీరు గోడ లోపల జారి కిటికీ దగ్గర తేలడం కూడా మామూలే. అందుకే కొనడానికి ముందే గొట్టంతో నెమ్మదిగా నీళ్లు పట్టి చూడండి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట కొంతసేపు ఆగుతూ పైకి వెళ్లాలి. లోపల ఒకరు చూస్తూ ఉండాలి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, అది బాగున్న అతుకుల్లోంచి కూడా నీటిని తోస్తుంది.

'అన్ని ఉపరితలాలకు' అన్న మాట మీద నాకు ఇప్పుడు బొత్తిగా నమ్మకం లేదు. అక్రిలిక్ కిటికీలు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పాలీసల్ఫైడ్, కొన్ని పాలీయురేథేన్ సీలెంట్లు ఆ ప్లాస్టిక్‌ను సన్నగా పగిలేలా చేస్తాయి. పైకప్పుకు వాడే, తనంతట తానే పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ రకాన్ని నిలువు గోడకు అంటగట్టేవారూ ఉన్నారు, అది ధారలు కట్టి కిందికి జారుతుంది. గోడకు కావలసింది జారని 'నాన్ శాగ్' రకం. 'సిలికోనైజ్డ్ అక్రిలిక్' అన్నది పేరులో సిలికోన్ ఉన్నా నీటి ఆధారిత అక్రిలిక్కే, రోడ్డు మీద అదిరే బండికి అది సరిపోదు.

చివరికి నా కిటికీలు నిలిచింది విడిగా కొన్న బ్యూటైల్ టేపుతో. 3 మిల్లీమీటర్ల మందం, ఫ్రేము అంచంత వెడల్పు. పాతదంతా గీకి, తుడిచి, టేపు రెండు కొసలు కింది వైపున కలిసేలా చుట్టి, లోపలి స్క్రూలను ఎదురెదురు వరుసలో చేతి స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా బిగించాను. ఒక్కసారిగా బిగిస్తే టేపంతా బయటికి వచ్చేస్తుంది. కొన్నాళ్లకు బ్యూటైల్ సర్దుకున్నాక మళ్లీ కాస్త బిగించి, బయటికి పొంగినదాన్ని ప్లాస్టిక్ పలకతో కోశాను. కిట్‌లో పనికొచ్చిన వస్తువు ఆ పలక ఒక్కటే.

ఫ్రేము అంచు కింద టేపు బదులు ట్యూబు సీలెంటు ఎందుకు పూయకూడదని అడిగేవారుంటారు. గాలిలోని తేమతో గట్టిపడే సీలెంటు బయటి నుంచి లోపలికి రోజుకు సుమారు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే గట్టిపడుతుంది. వెడల్పాటి అంచు కింద మధ్య భాగం చాలాకాలం పచ్చిగానే ఉండిపోతుంది. పాలీయురేథేన్ అయితే గట్టిపడ్డాక ఫ్రేమును మళ్లీ ఊడదీయబోతే అది రాక గోడే చీలిపోవచ్చు.

ఇలాంటి కిట్ ఇప్పటికే తెప్పించుకుని ఇంకా తెరవనివారు వెంటనే వాపసు పంపండి. తెరిచారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇప్పటికే పూసినవారు, కిటికీ కింది మూలల దగ్గర లోపలి గోడను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా అణిగితే లోపలి ప్లైవుడ్ తడిసిందన్నమాట. అప్పుడు ఫ్రేము ఊడదీసి గోడను పూర్తిగా ఆరనివ్వండి. తడి లోపల ఉండగా ఎంత మంచి టేపు వేసినా అది ఆ తడిని లోపలే బంధిస్తుంది, కుళ్లు ఆగదు.