చెరువు హద్దుకు ఉపగ్రహ చిత్రమా, డ్రోన్ చిత్రమా?

హైదరాబాద్‌లో ఓ చెరువు ఏటేటా ఎంత కుంచించుకుపోయిందో తేల్చాలంటే ఉపగ్రహ చిత్రమే దిక్కు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచీ ఉన్నాయి, ఉచితం కూడా. కానీ ఒక్కో పిక్సెల్ 10 మీటర్ల చదరం, అంటే దాదాపు 120 గజాల జాగా. ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు లోపల, లేచిన 60 గజాల షెడ్డు అందులో కలిసిపోతుంది. వానాకాలం మబ్బుల సంగతి సరేసరి. గుర్రపుడెక్క కమ్మేస్తే నీళ్లు కూడా పచ్చిక బయలులాగే కనిపిస్తాయి.

షెడ్డు గోడ తేలాలంటే మాత్రం డ్రోనే. వంద మీటర్ల ఎత్తు నుంచి పిక్సెల్ మూడు నాలుగు సెంటీమీటర్లకు దిగుతుంది. ఫొటోలన్నీ అతికి ఒకే పటం చేయాలంటే అవి ఒకదాని మీదొకటి 75 శాతం దాకా పడాలి. అయినా నడిచెరువులో అతుకు కుదరదు. మెరిసే నీటిలో సాఫ్ట్‌వేర్ పట్టుకునే గుర్తులుండవు. ప్రతి ఫొటోలో కాస్త గట్టు పడేలా తీయాలి. విమానాలు దిగే బేగంపేట, హకీంపేట వైపైతే ముందు డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో జోన్ చూసుకోండి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు.