నమీబియా ఎడారిలో అద్దె బండి: ఎనిమిది రోజులు, ఒక టైరు, ఒక అద్దం పేచీ

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా టైర్ల వ్యాపారం చేస్తున్న నాకు బండి అద్దెకు తీసుకోవడమంటే మొదటి నుంచీ కొంత అనుమానమే. పదిమంది చేతులు మారిన బండి టైర్ల గతి ఏమవుతుందో నా దుకాణం ముందు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అయినా 2024 ఆగస్టులో నేను, నా భార్య, గుంటూరులో ఉండే నా బావమరిది, అతని భార్య కలిసి నమీబియా వెళ్లినప్పుడు ఎనిమిది రోజులూ అద్దె బండి మీదే తిరిగాము. ఆ బండి గురించీ, ఇచ్చిన కంపెనీ గురించీ, ముఖ్యంగా వాళ్లు మా చేత సంతకం పెట్టించుకున్న కాగితాల గురించీ ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఒక పేచీ వచ్చింది, చివరికి అది తీరిపోయింది కనుక పేరు చెప్పి రచ్చకెక్కించడం న్యాయం కాదనిపించింది. బయలుదేరే ముందు నేను చదివి చూసిన మరో రెండు కంపెనీల షరతులు కూడా ఇంచుమించు ఇలాగే ఉన్నాయి.

నమీబియాలో సొంతంగా బండి లేకపోతే చూడదగినవాటిలో సగం చూడలేము. ఆ దేశ విస్తీర్ణం దాదాపు 8 లక్షల 25 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన రాష్ట్రానికి అయిదు రెట్లు; జనాభా మాత్రం 30 లక్షలు. ఇంత పలచగా జనం ఉన్నచోట బస్సులు ఎడారిలోకి వెళ్లవు. మనవాళ్లకు కలిసివచ్చే సంగతి ఏమిటంటే అక్కడ కూడా ఎడమ వైపే నడపాలి, స్టీరింగు కుడి వైపే ఉంటుంది. దుబాయిలో బండి నడిపిన నా మిత్రుడు ప్రతి మలుపు దగ్గరా పడిన తికమక మాకు లేదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా శాఖ కార్యాలయంలోనే వెయ్యి రూపాయల రుసుముతో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. బండి ఎవరెవరు నడుపుతారో వారందరి పేర్లూ ఒప్పందంలో ఉండాలి కనుక నేనూ, బావమరిదీ ఇద్దరం తీసుకున్నాము.

మేము తీసుకున్నది టయోటా హైలక్స్ డబుల్ క్యాబ్, డీజిల్, నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం. పైకప్పు మీద మడత విప్పితే పరచుకునే గుడారాలు రెండు, వెనక ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, వంటపాత్రలు, కుర్చీలు, పార, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, రెండు స్టెప్నీలు అన్నీ అద్దెలోనే వచ్చాయి. రోజుకు 2,300 నమీబియా డాలర్లు, అప్పటి మారకం ప్రకారం పది వేల ఏడు వందల రూపాయల దాకా. నలుగురికి బండీ, పడకా, వంటిల్లూ కలిపి ఇది ఎక్కువ కాదు. ఫ్రిజ్‌కు విడిగా రెండో బ్యాటరీ ఉండటంతో రాత్రంతా నడిచింది. మొదటి రోజు కొన్న పెరుగు మూడో రోజుకు కూడా పులియలేదు. వెనక తలుపు రబ్బరు మాత్రం అరిగిపోయి ఉంది. సాయంత్రానికల్లా బియ్యం సంచి మీద, గిన్నెల మీద వేలితో రాయగలిగినంత ఎర్రదుమ్ము పేరుకునేది. ఆగస్టు అక్కడ చలికాలం, రాత్రి గుడారంలో దుప్పటి మీద దుప్పటి కప్పుకోవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు నిచ్చెన ఎక్కి పడుకునే ఈ గుడారాల జోలికి పోకుండా గదులు తీసుకోవడం మంచిది. ఈ మాట నా భార్య ప్రత్యేకంగా రాయమన్నది.

నమీబియా రాజధాని విండ్‌హుక్ విమానాశ్రయం ఊరికి 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. కంపెనీ వాళ్లే వచ్చి మమ్మల్ని తమ ఆవరణకు తీసుకువెళ్లారు. బండి అప్పగించడానికి రెండు గంటలు పట్టింది, ఆ రెండు గంటలూ వాళ్లు చేసిన పని మెచ్చుకోదగినది. గుడారం విప్పడం, మడవడం, జాకీ ఎక్కడ పెట్టాలో, లో గేరు ఎలా వేయాలో ఒక అమ్మాయి ఓపికగా చేసి చూపించింది. నేను మాత్రం టైర్ల దగ్గర కూర్చున్నాను. టైరు పక్క గోడ మీద చిన్న గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నేల మీదున్న నాలుగు టైర్లూ ఏడాది లోపువి. రెండు స్టెప్నీలలో ఒకదాని మీద మాత్రం 1117 అని ఉంది, అంటే 2017లో పదకొండో వారంలో తయారైనది. గ్రిప్పు చూస్తే కొత్తదే, కాని ఏడేళ్లు ఎండకు ఎండిన రబ్బరు. పక్క గోడను బొటనవేలితో నొక్కితే వెంట్రుక మందాన పగుళ్లు తెరుచుకున్నాయి. మార్చమని అడిగాను. "బావా, ఎనిమిది రోజుల బండికి ఇంత చాదస్తమా," అని బావమరిది విసుక్కున్నాడు. మేనేజరు కూడా కొంత గొణిగి, చివరికి మార్చి ఇచ్చాడు. ఆ మార్చిన స్టెప్నీయే తరువాత మాకు దిక్కయింది.

ఇక బీమా. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే, ఎందుకంటే బండి ఎంపికలో జరిగే పొరపాటుకంటే ఇక్కడ జరిగే పొరపాటు ఎక్కువ ఖరీదైనది. అద్దెలో కలిసివచ్చే మామూలు బీమా ప్రకారం బండికి ఏ నష్టం జరిగినా మొదటి 50,000 నమీబియా డాలర్లు, అంటే రెండు లక్షల ముప్పై వేల రూపాయలకు పైగా, మనమే భరించాలి. దీనినే వాళ్లు ఎక్సెస్ అంటారు, అంత మొత్తాన్నీ క్రెడిట్ కార్డు మీద ముందే పట్టి ఉంచుతారు. రోజుకు మరో 240 డాలర్లు కడితే అది 20,000కు తగ్గుతుంది. మేము దాన్ని తీసుకున్నాము. అయితే ఏ మెట్టు బీమా తీసుకున్నా వర్తించని సందర్భాలు ఒప్పందం నాలుగో పేజీలో చిన్న అక్షరాలలో ఉన్నాయి: కంకర రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లు దాటిన వేగం, చీకటి పడ్డాక ఊరి బయట ప్రయాణం, బండి అడుగు భాగానికి తగిలిన దెబ్బలు, నీటిలో దింపడం వల్ల కలిగిన నష్టం, ఇసుకగాలికి చెక్కుకుపోయిన రంగు. వేగం మాట ఉత్త బెదిరింపు కాదు. బండిలో అమర్చిన పరికరం ప్రతి నిమిషం వేగాన్నీ నమోదు చేస్తుంది, 80 దాటితే కూత కూడా పెడుతుంది. చీకటి నియమం మనకు అతిగా అనిపించవచ్చు గాని, సంధ్యవేళ రోడ్డు దాటే ఓరిక్స్ జింకను ఒక్కసారి చూస్తే ఆ నియమం ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

టైర్లకూ, అద్దాలకూ వేరే బీమా, రోజుకు 110 డాలర్లు. ఇరవై రెండేళ్లుగా టైర్లు అమ్ముతున్న మనిషికి టైరు బీమా ఏమిటనే అహంకారంతో దానిని వద్దన్నాను. ఎనిమిది రోజులకు 880 డాలర్లు మిగిలాయని ఆ పూట సంతోషించాను కూడా.

అక్కడి రోడ్లకు అక్షరాలతో పేర్లు ఉంటాయి. బీ తరగతి రోడ్లు తారు వేసినవి, మన జాతీయ రహదారికి తీసిపోవు. ఎడారిలోకి వెళ్లే సీ, డీ తరగతి రోడ్లలో ఎక్కువ భాగం కంకర. విండ్‌హుక్ నుంచి, ఎడారిలోని ఇసుక కొండల పార్కుకు గేటు ఉన్న సెస్రియెమ్‌కు దాదాపు 330 కిలోమీటర్లు. మ్యాపులో చూసి నాలుగు గంటలనుకున్నాము, ఆగుతూ వెళ్లేసరికి ఆరున్నర గంటలు పట్టింది. కంకర మీద బండ్లు పోయి పోయి అడ్డంగా అలల్లాంటి గట్లు లేస్తాయి. ఆ గట్ల మీద స్టీరింగు చేతిలో వణుకుతుంది, బ్రేకు వేస్తే బండి పక్కకు జారుతుంది. అక్కడ పనికొచ్చేది బ్రేకు కాదు, టైరులోని గాలి. తారు మీద 35, కంకర మీద 28, ఇసుకలో 16 పాయింట్లు పెట్టమని కంపెనీ వాళ్లు రాసిన చీటీ అద్దానికి అతికించి ఉంది, ఆ లెక్క సరైనదే. గాలి తగ్గితే టైరు మెత్తబడి రాయిని తనలోకి ఇముడ్చుకుంటుంది, బిగుసుకుని ఉంటే రాయి కోస్తుంది. అదే తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే మాత్రం పక్క గోడ వేడెక్కి పగులుతుంది కనుక ప్రతిసారీ దిగి గాలి కొట్టుకోవలసిందే. వాళ్లిచ్చిన కంప్రెసర్‌తో ఒక్కో టైరుకు పది నిమిషాలు పట్టేది. ఇంత అద్దె తీసుకునే బండికి ఇంతకంటే మంచిది పెట్టవచ్చు.

సెస్రియెమ్ దగ్గర గేటు లోపలి క్యాంపులో దిగితే సూర్యోదయానికి గంట ముందే లోపలికి వదులుతారు. బయట దిగినవారు సూర్యుడు పొడిచేదాకా ఆగాలి. అక్కడి నుంచి ఇసుక కొండల నడుమ ఎండిన మడుగైన సోసస్‌వ్లై వైపు 60 కిలోమీటర్లు తారు రోడ్డే. నలభై అయిదో కిలోమీటరు దగ్గరున్న ఇసుక కొండకు ఆ దూరాన్ని బట్టే డ్యూన్ 45 అని పేరు. చివరి అయిదు కిలోమీటర్లు ఉత్త ఇసుక. మామూలు కార్లను అక్కడ ఆపి, అక్కడే దొరికే జీపులో వెళ్లాలి. మా బండి సొంతంగా వెళ్లగలిగినదే, కాని బావమరిది ఫొటో కోసం మధ్యలో ఆపాడు, తిరిగి కదలబోతే చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. పారతో ఇసుక తోడి, గాలి 14కు దించి, లో గేరులో నెమ్మదిగా పోనిస్తే ముప్పావు గంటకు బయటపడ్డాము. ఈ విషయంలో బండికి నూటికి నూరు మార్కులు. ఆరేడు వందల ఏళ్ల కిందట ఎండిపోయి, తేమ లేక కుళ్లకుండా నల్లగా నిలబడి ఉన్న, అక్కడి డెడ్‌వ్లై అనే ఎండిన మడుగులోని చెట్లను చూశాక ఆ ముప్పావు గంట శ్రమ ఎవరికీ గుర్తు లేదు.

ఆరో రోజు సాలిటేర్ అనే చోట డీజిల్ నింపుకుని సముద్రతీర పట్టణం వాల్విస్ బే వైపు బయలుదేరాము. సాలిటేర్‌ను ఊరు అనడానికి మనసొప్పదు. ఒక పెట్రోలు బంకు, ఒక రొట్టెల దుకాణం, ఇసుకలో తుప్పు పట్టిన పాత కార్లు, అంతే. అయినా ఆ దారిలో బంకు కనిపించిన ప్రతిచోటా ట్యాంకు నింపుకోవాలి. కుయిసెబ్ కనుమ దాటి మైదానంలోకి వచ్చాక ఎదురుగా లారీ వస్తుంటే బావమరిది బండిని అంచుకు తీశాడు. రోడ్డు చదును చేసే యంత్రం పక్కకు తోసిన రాళ్లన్నీ ఆ అంచునే పోగుపడి ఉంటాయి. వెనక ఎడమ టైరు పక్క గోడ జానెడు పొడవున చీలిపోయింది. ఫోను సిగ్నలు లేదు, నీడ లేదు. ఇరవై అయిదు నిమిషాలలో స్టెప్నీ మార్చాము. అది 1117 టైరయి ఉంటే వాల్విస్ బే దాకా వచ్చేదని నేను అనుకోను. అక్కడ కొత్త టైరుకు 3,400 డాలర్లు, అంటే పదిహేను వేల ఎనిమిది వందల రూపాయలు కట్టాను. 880 మిగుల్చుకున్న సంగతి బావమరిది గుర్తుచేయలేదు, అది అతని మర్యాద.

బండి తిరిగి అప్పగించిన రోజు అసలు పేచీ వచ్చింది. ముందు అద్దం మీద ఎడమ వైపు, వైపరు ఆగే చోటికి కొంచెం పైన, కందిబద్దంత రాతిదెబ్బ ఉందని, అద్దం మొత్తం మార్చాలని, 4,800 డాలర్లు డిపాజిట్ నుంచి మినహాయిస్తామని అన్నారు. అప్పగింత కాగితంలో ఆ గుర్తు లేదు. ఆ కాగితం మీద సంతకం నాదే. టైర్లకు పెట్టిన శ్రద్ధ నేను అద్దానికి పెట్టలేదు. అయితే నా భార్య మొదటి రోజు బండి చుట్టూ తిరిగి ఫోనులో వీడియో తీసింది. అందులో ఆ మచ్చ, దాని వెనక కంపెనీ ఆవరణ గోడ, రెండూ స్పష్టంగా ఉన్నాయి. కౌంటరులో ఉన్నవాళ్లు తమకు అధికారం లేదని చెప్పి డబ్బు కోసుకున్నారు. ఇంటికి వచ్చాక వీడియో జతచేసి మెయిలు పెట్టాను, రెండు సార్లు గుర్తుచేశాను. పందొమ్మిదో రోజున క్షమాపణతో 4,800 డాలర్లూ కార్డుకు తిరిగి వేశారు. మధ్యలో మారకం రేటు మారడంతో ఏడు వందల రూపాయలు తక్కువ వచ్చాయి; దానికోసం మరో మెయిలు రాయలేదు.