ఫ్రేమ్‌తో వచ్చే డిస్ప్లే కిట్: కాంబో మంచిదే, పనిముట్లే తేలిపోయాయి

పగిలిన స్క్రీన్‌ని ఇంట్లో మార్చుకోవడానికి అమ్మే కిట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఉత్త కాంబో, అంటే డిస్ప్లే, టచ్, పై గ్లాసు కలిపి అతికించిన ఒకే ముక్క. రెండోది అదే కాంబోని ఫ్రేమ్‌కి ముందే బిగించి ఇచ్చేది. ఈ సమీక్ష వెనక మూత తీసి విప్పే ఫోన్లకు వచ్చే రెండో రకం గురించి.

మొదటిసారి చేసేవాళ్లు ఉత్త కాంబో జోలికి పోకపోవడమే మేలు. పాత డిస్ప్లే ఊడదీశాక ఫ్రేమ్ అంచుల్లో మిగిలిన గమ్మునీ, గాజు రవ్వల్నీ పూర్తిగా గీకాలి. ఒక్క రవ్వ మిగిలినా కొత్త స్క్రీన్ సమంగా కూర్చోదు. జేబులో కాస్త ఒత్తిడి పడితే చాలు, సరిగ్గా ఆ చోటు నుంచే పగులుతుంది. ఫ్రేమ్‌తో వచ్చేదానికి ఆ బాధ లేదు. కాకపోతే మదర్‌బోర్డు, బ్యాటరీ, స్పీకరు, వైబ్రేటరు, ఛార్జింగ్ బోర్డు అన్నీ పాతదాన్లోంచి కొత్తదాన్లోకి మార్చాలి. పని ఎక్కువే, అయినా తప్పు జరిగితే విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. పై గ్లాసు ఒక్కటే మార్చే కిట్ల సంగతి అసలు మర్చిపోండి. గాలి బుడగల్లేకుండా అతికించడానికి వ్యాక్యూమ్ యంత్రం లేనిదే ఆ పని కాదు.

కొనేముందు చూడాల్సింది ప్యానెల్ రకం. మీ ఫోన్‌కి మొదట వచ్చింది ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర) అయితే, అదే మోడల్‌కి చవగ్గా దొరికేది చాలాసార్లు ఇన్‌సెల్ ఎల్‌సీడీ (వెనక నుంచి బ్యాక్‌లైట్ వెలిగించే తెర, టచ్ అందులోనే కలిసి ఉంటుంది). వెలుగుతుంది, టచ్ పనిచేస్తుంది. కానీ నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది, మందం ఎక్కువ కావడంతో అంచు కాస్త పైకి లేచి ఉండొచ్చు. స్క్రీన్ కింద వేలిముద్ర తీసుకునే ఆప్టికల్ సెన్సార్ అయితే పనిచేయదు, ఎల్‌సీడీ వెనకున్న బ్యాక్‌లైట్ పొరలు దాటి వెలుతురు సెన్సార్‌కి చేరదు కాబట్టి. ఎల్‌సీడీతోనే వచ్చిన ఫోన్లకు ఈ గొడవ లేదు, ఈ కిట్ బాగా కుదిరేది వాటికే.

పెట్టెలో కాంబోతోపాటు వచ్చే పనిముట్లలో ప్లాస్టిక్ పిక్కులు (సందుల్లో దూర్చే పల్చటి ముక్కోణపు బిళ్లలు), మూతని పట్టి లేపే సక్షన్ కప్పు వాడుకోవచ్చు. వెనక మూత కూడా పగిలి ఉంటే కప్పు పట్టదు, ముందు ప్యాకింగ్ టేపు అతికించి దానిమీద పెట్టాలి. గాజు ముక్కలు ఎగరకుండా కూడా ఆ టేపే ఆపుతుంది. స్క్రూడ్రైవర్లు మాత్రం దండగ. మెత్తటి లోహం, రెండు మూడు స్క్రూలు తీసేసరికి మొన అరిగి స్క్రూ తలని కూడా పాడుచేస్తుంది. మంచి పీహెచ్000 (చాలా చిన్న ప్లస్ మొన) స్క్రూడ్రైవర్ ఒకటి విడిగా కొనుక్కోండి. ఇనప రేకు పనిముట్టుని బ్యాటరీ దరిదాపులకి రానివ్వకండి.

ఇక పని. బ్యాటరీ 25 శాతం కంటే తక్కువకి దిగాక ఫోన్ ఆపండి. సిమ్ ట్రే ముందే తీయండి. అది లోపలుండగా బోర్డుని లేపబోతే ట్రే, సిమ్ స్లాట్ రెండూ విరగొచ్చు. వెనక మూత అంచుల్ని హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి బాగా వేడి తగిలేదాకా కాచి, పిక్కుని రెండు మూడు మిల్లీమీటర్లకి మించి లోపలికి తోయకుండా చుట్టూ తిప్పండి. కొన్ని ఫోన్లలో వేలిముద్ర సెన్సార్ స్ట్రిప్ (దాన్ని బోర్డుకి కలిపే పల్చటి వైరు పట్టీ) మూతకే అంటుకుని ఉంటుంది. దాన్ని చూడకుండా ఒక్కసారిగా లాగితే తెగిపోతుంది.

స్క్రూల్ని తెల్ల కాగితంమీద ఫోన్ బొమ్మ గీసి, ఎక్కడివక్కడ పెట్టుకోండి. పొడుగు స్క్రూని పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే కింద బోర్డు పొరల్ని తొలిచేస్తుంది, ఆ తర్వాత స్క్రీన్ మార్చి ఏం లాభం? అన్నిటికంటే ముందు ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్, చివర్లో పెట్టాల్సిందీ అదే. బ్యాటరీ గట్టిగా అతుక్కుని ఉంటే అంచుల్లో 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగైదు చుక్కలు వేసి, కాసేపు ఆగి, ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా లేపాలి. వంగితే ఆగిపోండి. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే పని అక్కడితో ఆపి సర్వీసు సెంటర్‌కి ఇచ్చేయండి.

చాలామంది తొందరపడేది పరీక్ష దగ్గరే. కొత్త కాంబోమీది రక్షణ పొర తీయకుండానే, మూత అతికించకుండానే ఫోన్ ఆన్ చేసి చూడాలి. ఒక ఐకాన్‌ని పట్టుకుని తెర నాలుగు మూలలకీ జరిపితే చచ్చిన చోట్లు బయటపడతాయి. తెల్ల తెర, నల్ల తెర పెట్టి మచ్చలు చూడండి. కాల్ చేసి చెవి దగ్గర పెట్టినప్పుడు స్క్రీన్ ఆరుతోందా లేదా గమనించండి. టచ్ దానంతటదే కదులుతుంటే చాలావరకు డిస్ప్లే కనెక్టర్ సరిగా కూర్చోలేదనే అర్థం. ఫోన్ ఆపి, బ్యాటరీ కనెక్టర్ తీశాక డిస్ప్లే కనెక్టర్‌ని ఊడదీసి మళ్లీ టక్కుమనేదాకా నొక్కండి. అయినా తగ్గకపోతే కాంబోలోనే లోపం ఉన్నట్టు. పొర తీసి, గమ్ము అంటాక వెనక్కి పంపితే తీసుకునేవాళ్లు అరుదు.

మూత అతికించడానికి బి-7000 (ఫోన్ రిపేర్లలో వాడే ట్యూబు గమ్ము) ఒక మిల్లీమీటరు గీతలా చాలు. ఎక్కువైతే స్పీకరు జాలీలోకి, మైకు రంధ్రంలోకి కారుతుంది. రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి, అదిమి, రబ్బరు బ్యాండ్లు చుట్టి పక్కన పెట్టండి. పూర్తి బలం రావడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. ఒకసారి విప్పిన ఫోన్‌ని నీటి దగ్గరకి తీసుకెళ్లకండి, కంపెనీలో వేసిన సీలు ఈ గమ్ముతో తిరిగి రాదు.