మిద్దె మీద పిల్లికి జాలీ గది, మెడలో ట్యాగ్: మూడేళ్ళు వాడాక

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే మూడో అంతస్తు మిద్దె మీద పిల్లి కోసం కట్టించిన జాలీ గదికి ఈ నెలతో మూడేళ్ళు నిండాయి. పొడవు 10 అడుగులు, వెడల్పు 6, చుట్టూ ఇనుప ఫ్రేముకి అరంగుళం కన్నాల వెల్డ్ మెష్, పైన మాత్రం బాల్కనీల్లోకి పావురాలు రాకుండా కట్టే నైలాన్ వల. మొత్తం 18,000 అయింది (21,000 చెప్పారు, మిగిలింది మా ఆయన బేరం). మొదటి రెండేళ్ళలో అడిగి ఉంటే కళ్ళు మూసుకుని అయిదుకి అయిదు ఇచ్చేదాన్ని.

పోయిన దీపావళి రాత్రి ఆ పై వల సంగతి తెలిసింది. దాన్ని ఫ్రేముకి కట్టింది తెల్ల కేబుల్ టైలతో. ఎండకి అవి పెళుసెక్కి అప్పడాల్లా విరుగుతాయట, చూడటానికి మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి. పక్క వీధిలో లక్ష్మీబాంబు పేలగానే మా పిల్లి మెష్ పట్టుకుని పైకి ఎగబాకింది, మూలన రెండు టైలు పుటుక్కుమన్నాయి, ఆ సందులోంచి పక్క మిద్దె మీదికి దూకేసింది. నేను దానికి నీళ్ళ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

పిల్లి పేరు పులిహోర. పసుపు రంగు, ముక్కు మీద ఆవగింజల్లాంటి నల్ల చుక్కలు, అందుకని. రాత్రి పన్నెండింటికి వీధిలో ఆ పేరు పెట్టి కేకలు వేస్తుంటే పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఏదో గుడి ప్రసాదం గొడవ అనుకున్నాడు పాపం, నాకొచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో "బెక్కు నోడిద్రా?" (పిల్లిని చూశారా?) అన్నాక అర్థమై టార్చ్ తెచ్చాడు.

ఇక ట్యాగ్. లాగితే ఊడిపోయే బకిల్ ఉన్న పట్టీకి బ్లూటూత్ ట్యాగ్ తగిలించి ఉంచాం. చాలామందిలాగే నేనూ అది జీపీఎస్ అనుకునే కొన్నాను. కాదు. దగ్గర్లో ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్ ఏదైనా దాన్ని పసిగడితేనే, ఆ ఫోన్ ఉన్న చోటు మనకి మ్యాప్‌లో కనిపిస్తుంది, అదీ ఎప్పుడో గంట క్రితంది. మా వీధిలో మూడు బిల్డింగుల మధ్య ఆ చుక్క అటూ ఇటూ ఊగుతూనే ఉంది, ఏ అంతస్తో దానికేం తెలుసు. నాకు టెన్షన్. మొదటి రాత్రి, మర్నాడు పగలంతా చుక్కని నమ్మకుండా దూరం దూరం తిరిగి, 40 పోస్టర్లు అంటించి వచ్చాం, అదంతా వృథా. ఈలోగా ఫోన్ చేసినవాళ్ళందరూ "చిప్ వేయించారుగా, దాంతో ట్రాక్ చేయండి" అనేవాళ్ళు. పిల్లి చర్మం కింద పెట్టే ఆ చిప్‌లో బ్యాటరీయే ఉండదండీ, 15 అంకెల నంబర్ ఉంటుంది, స్కానర్ ఒంటికి ఆనించినంత దగ్గర పెడితేనే చదువుతుంది. ఎవరికైనా దొరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పనికొస్తుంది, అంతే.

రెండో రోజు మధ్యాహ్నం వెట్ (పశువుల డాక్టర్) చెప్పిన మాట పనిచేసింది. ఇంట్లో పెరిగిన పిల్లి పారిపోతే చాలావరకు నాలుగైదు ఇళ్ళ లోపే ఇరుకులో నక్కి ఉంటుంది, భయంలో ఉంటే యజమాని పిలిచినా పలకదు, కాబట్టి పిలవడం మానేసి వెతకండి అన్నారు. రాత్రి రెండింటికి, ట్రాఫిక్ చప్పుడు సద్దుమణిగాక, టార్చ్‌ని నా కళ్ళ పక్కనే పట్టుకుని (కింద పట్టుకుంటే పిల్లి కళ్ళ మెరుపు మనవైపు తిరిగి రాదు) రెండిళ్ళ అవతల సగం కట్టిన బిల్డింగ్‌లోకి వాచ్‌మన్‌తో కలిసి వెళ్ళాను. అక్కడ బ్లూటూత్ అందింది, ట్యాగ్ మోగించాను, సెంట్రింగ్ చెక్కల దొంతర వెనక కీచుమంది. వంగి చూస్తే రెండు పచ్చటి దీపాలు.

బయటికి రాలేదు. గంటంపావు నేల మీద కూర్చుని మెత్తళ్ళు ఒక్కొక్కటే జరిపితే తల బయటపెట్టింది. అప్పుడు తొందరపడి చేత్తో పట్టుకున్నాను, మోచేయి దాకా గీరేసింది. బుట్ట లోపల మెత్తళ్ళు పెట్టి దానంతట అదే దూరేదాకా ఆగాల్సింది. దానికి రేబిస్ టీకా ఉన్నా డాక్టర్ చెప్పారని నేనూ సూదులు వేయించుకున్నాను.

ఇప్పుడు పైన కూడా మెష్ వేయించి, టైలు తీసేసి జీఐ (జింకు పూత ఇనుప) తీగ చుట్టించాను. వర్షాకాలం దాటింది, తుప్పు వెల్డింగ్ అతుకుల దగ్గర మాత్రమే కనిపిస్తోంది, ప్రైమర్ రాస్తే సరిపోతుంది. తలుపు ముందు ఇంకో చిన్న తలుపు కూడా పెట్టించాను, ఒకటి మూస్తేగానీ రెండోది తీయను, అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఇదేం బ్యాంకు లాకరా అంటుంది. ట్యాగ్‌లో బిళ్ళ బ్యాటరీ దాదాపు ఏడాది వస్తోంది. దీపావళికి పులిహోర ఇక బాత్రూమ్‌లోనే, ఫ్యాన్ చప్పుడులో.

గదికి అయిదులో నాలుగు, పై వలతో అయితే రెండు. ట్యాగ్‌కి మూడు, అదీ చివరి పది మీటర్ల కోసమే.