కొరాపుట్ కొండ మీద నాలుగేళ్ళ డ్రిప్ కాఫీ మేకర్: గడియారం, గుండ, సున్నం

తొట్టిలోని నీళ్ళు కాగి, బుట్టలోని కాఫీ గుండ మీద పడి, ఫిల్టర్‌లోంచి కింది జగ్గులోకి దిగే మెషీన్ ఇది. 12 కప్పులది, 230 వోల్టులు, 1000 వాట్లు. రాత్రి నీళ్ళూ గుండా వేసి టైమ్ పెడితే తెల్లారేసరికి కాఫీ దిగి ఉంటుంది. ఒడిశాలోని కొరాపుట్‌లో రోజూ రెండు పూటలా నాలుగేళ్ళు వాడాక తేలింది ఒకటే: మన వైపు ఇలాంటి మెషీన్ కొనేవాళ్ళు ముందు అడగాల్సింది ఎన్ని కప్పులని కాదు, కరెంటు పోతే గడియారం ఏమవుతుందని.

చాలా మెషీన్లలో సమాధానం ఒక్కటే. రాత్రి రెండింటికి కరెంటు పోయి ఐదు నిమిషాల్లో వచ్చినా గడియారం 12:00 దగ్గర మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. పెట్టిన టైమ్ పోతుంది, పొద్దున్న జగ్గు ఖాళీ. కొన్నింటిలో లోపల చిన్న బ్యాటరీ ఉండి టైమ్ నిలుస్తుంది. డబ్బా మీద ఈ సంగతి రాయరు కాబట్టి మీరే పరీక్ష పెట్టండి. టైమ్ సర్దండి, ప్లగ్గు పీకండి, పది నిమిషాలాగి పెట్టండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు దాటకముందే ఈ పని చెయ్యాలి.

బ్యాటరీ ఉన్నది దొరక్కపోతే మరో దారి ఉంది, నిజానికి నాకు అదే ఎక్కువ నచ్చింది. గడియారం లేని మామూలు డ్రిప్ మెషీన్ తీసుకోండి. దాని స్విచ్ టక్కున నొక్కితే నొక్కినట్టే ఉండే రకం కావాలి, తాకితే పనిచేసే బటన్ కాదు. దాన్ని డిజిటల్ టైమర్ ప్లగ్గుకు తగిలించండి. ఆ ప్లగ్గులో సొంత బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా టైమ్ తప్పదు. గుండ్రంగా తిరిగే మెకానికల్ టైమర్ వద్దు, కరెంటు పోయినంతసేపూ అది ఆగిపోయి అంత వెనకబడుతుంది. 1000 వాట్లంటే నాలుగున్నర ఆంపియర్ల లోపే, 10 ఆంపియర్ల టైమర్ చాలు. టైమర్‌లో ఆపే వేళ కూడా పెట్టడం మరవకండి. ఇంకో లాభం: కాఫీ సగంలో ఉండగా కరెంటు పోయి వస్తే ఈ స్విచ్ మెషీన్ తనంతట తానే మిగతాది దించుతుంది. బటన్ల మెషీన్ మళ్ళీ నొక్కేదాకా కదలదు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే మెషీన్ల గురించి తప్పక చెప్పాలి. అవి 120 వోల్టులవి. నేరుగా పెడితే కాలిపోతాయి. కనీసం 1500 వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే కాఫీ వస్తుంది, గడియారం మాత్రం చాలావాటిలో తప్పు నడుస్తుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 అలలు, ఇక్కడిది 50. కరెంటు అలలు లెక్కపెట్టి నడిచే గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. రాత్రి 10కి సరిచేసి 5:30కి పెడితే కాఫీ మొదలయ్యేది 7కి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గానీ ఈ హెర్ట్జ్‌ని మార్చదు.

ఇన్వర్టర్ మీద నడపొద్దు. 900 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది ఇంచుమించు 700 వాట్లు, మెషీన్ మొదలవగానే ట్రిప్ అవుతుంది. లో వోల్టేజి చేసే చెరుపు ఇంకోలా ఉంటుంది. 180 వోల్టులే వస్తే 1000 వాట్ల కాయిల్ 610 వాట్లకు పడిపోతుంది. అప్పుడు కాఫీ చల్లగా రావడం కంటే నెమ్మదిగా రావడం పెద్ద బాధ. గుండ నీళ్ళలో ఎక్కువసేపు నానుతుంది, చేదు దిగుతుంది. ఎనిమిది నిమిషాల్లో దిగాల్సింది పదమూడు దాటితే ముందు వోల్టేజి, తర్వాత గొట్టంలో నీళ్ళ వల్ల పేరుకున్న సున్నం చూసుకోండి.

కొండ మీద నీళ్ళు బాగా కాగవని కొందరు అనుమానపడతారు. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, నీళ్ళు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కాఫీకి కావాల్సింది 90 నుంచి 96. కాబట్టి ఎత్తు వల్ల నష్టం లేదు. చలికాలం తొట్టిలో రాత్రంతా చల్లబడ్డ నీళ్ళ వల్ల మాత్రం మొదటి కప్పుడు కొంచెం గోరువెచ్చగా వస్తుంది, మొత్తం కలిశాక సర్దుకుంటుంది.

ఇక గుండ. ఎక్కువమంది మెషీన్‌ని తిట్టుకునేది ఇక్కడే, తప్పు మెషీన్‌ది కాదు. మన ఇళ్ళల్లో స్టీలు ఫిల్టర్‌కు వాడే చికోరి కలిపిన మెత్తటి గుండ ఇందులో వేస్తే ఫిల్టర్ పూడుకుపోతుంది. పైనుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి, కిందికి దిగవు, బుట్ట పొంగి గుండతో సహా ప్లాట్‌ఫారమంతా పారుతుంది. చికోరి నీటిలో జిగురుగా ఉబ్బుతుంది, అందుకని డ్రిప్ మెషీన్‌లో చికోరి లేని గుండే వాడాలి. కొరాపుట్ కొండల అరబికా దీనికి బాగా కుదురుతుంది. ఒడిశా ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ టీడీసీసీఓఎల్ 'కొరాపుట్ కాఫీ' పేరుతో అమ్ముతోంది. గింజలు తీసుకుని ఇంట్లో గుండ పట్టుకుంటే మేలు.

గుండ బొంబాయి రవ్వలా ఉండాలి. ఇడ్లీ రవ్వంత ముతకైతే నీళ్ళు జారిపోయి పల్చటి, పుల్లటి కాఫీ వస్తుంది. గ్రైండర్ లేకపోతే మిక్సీలో మూడు సెకన్లు తిప్పి ఆపండి, కుదపండి, ఇలా ఆరేడుసార్లు. తర్వాత టీ వడకట్టే సన్నటి జల్లెడలో ఆడిస్తే మెత్తటి దుమ్ము కిందికి పోతుంది. ఆ దుమ్మే ఫిల్టర్‌ని పూడ్చేది. గింజలు కూడా తానే పట్టే మెషీన్లు మాత్రం కొనకండి. వానాకాలంలో కింది ఆవిరి పైకెక్కి గుండ పడే గొట్టంలో ముద్ద కడుతుంది, వారానికోసారి పుల్లతో గీకాల్సి వస్తుంది.

కొలత తూకంలోనే. మెషీన్ మీది 'కప్పు' 120 నుంచి 150 మి.లీ. మాత్రమే, ఆ గీతల్ని నమ్మొద్దు. పాలు లేకుండా తాగితే 600 మి.లీ. నీళ్ళకు 36 గ్రాములు. పాలతో అయితే అది చాలదు, పాలల్లో కాఫీ మాయమైపోతుంది. 400 మి.లీ.కి 45 గ్రాములు వెయ్యండి. గ్రాముకు రెండు మి.లీ. చొప్పున గుండే నీళ్ళు తాగేస్తుంది కాబట్టి 310 మి.లీ. చేతికొస్తుంది, సగానికి సగం చిక్కటి పాలు కలుపుకోవచ్చు. స్టీలు ఫిల్టర్ డికాషన్ చిక్కదనం దీనికి ఎప్పటికీ రాదు, ఆ ఆశతో కొనకండి. తొట్టిలో పాలు పోసే పని అసలు చెయ్యకండి, గొట్టంలో మాడి మెషీన్ పనికిరాకుండా పోతుంది.

జగ్గు విషయంలో నా ఓటు ఫ్లాస్కులా వేడి నిలిపే స్టీలు థర్మల్ జగ్గుకే. గాజు జగ్గుని కింది వేడి ప్లేటు మీద అరగంట మించి ఉంచితే కాఫీ మాడు వాసన వేస్తుంది.

రాత్రి సర్దిన గుండ తెల్లారేసరికి కొంత వాసన పోగొట్టుకుంటుంది. అది ఈ సౌకర్యానికి కట్టే ధర. మూత బిగించి, పడుకునే ముందే పట్టి వేస్తే తేడా తగ్గుతుంది. వాడగానే పిప్పి తీసేసి మూత తెరిచి ఆరనివ్వాలి. వానాకాలంలో ఒక్కపూట మరిచినా బుట్టలో తెల్లటి బూజు పడుతుంది.

సున్నం ఎలా పని చెరుపుతుందో తెలియాలంటే లోపల చూడాలి. ఇందులో మోటారు లేదు. తొట్టి అడుగున ఒక చిన్న వాల్వు, దాని తర్వాత కాయిల్‌కు అంటుకున్న వంపు గొట్టం. అందులో నీళ్ళు మరిగి బుడగలు లేచి నీటిని పైకి తోస్తాయి. వెనక్కి పోకుండా వాల్వు అడ్డుకుంటుంది. బోరు నీళ్ళతో గొట్టంలో సున్నం పొర కడితే వేడి నీటికి చేరదు, వాల్వులో సున్నం ముక్క ఇరుక్కుంటే నీళ్ళు తొట్టిలోకే తిరిగొస్తాయి. తొట్టిలో బుడబుడమని శబ్దం వస్తూ జగ్గులోకి చుక్క పడకపోతే అదే కారణం.

బోరు నీళ్ళయితే నెలకోసారి, ఫిల్టర్ నీళ్ళయితే మూడు నెలలకోసారి శుభ్రం చెయ్యాలి. లీటరు నీళ్ళలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి తొట్టిలో పోయండి. సగం దిగాక ఆపి అరగంట ఆగండి, మిగతాది దించండి. తర్వాత మంచినీళ్ళతో మూడుసార్లు ఖాళీగా నడపండి. జగ్గు మరకకు వంట సోడా ఒక చెంచా, వేడినీళ్ళు, పావుగంట చాలు. బుట్ట అడుగున కారడం ఆపే స్ప్రింగు మూతలో గుండ చిక్కినా పొంగుతుంది, దాన్ని వేలితో నొక్కుతూ కుళాయి కింద కడగాలి.

దీపం కూడా వెలగకుండా మెషీన్ చచ్చిపోయినట్టుంటే, ప్లగ్గూ తీగా బాగానే ఉంటే, ఎక్కువసార్లు పోయేది కాయిల్ పక్కనుండే, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజే. ఖర్చు చాలా తక్కువ, కానీ తీగతో కలిపి దాటవేయనివ్వకండి, ఇల్లు కాలకుండా చూసేది అదే. దాని మీద రాసిన డిగ్రీలు, ఆంపియర్ల ఫ్యూజే వెయ్యమనండి. టంకం పెట్టొద్దని, నొక్కి బిగించే కనెక్టరుతోనే కలపమని చెప్పండి. టంకం వేడికే కొత్త ఫ్యూజు కూడా పోతుంది.