థర్మల్ అని చెప్పి మామూలు నైట్ విజన్ అంటగడుతున్నారు, చేను కాపలాకి కొనేవాళ్ళు జాగ్రత్త

అడవి పందుల గోలతో రాత్రిళ్ళు కాపలా కాసే రైతులు, ఊరవతల ఫాంహౌస్ ఉన్నవాళ్ళు, ఎవరైనా సరే "థర్మల్ నైట్ విజన్ మోనోక్యులర్, చిమ్మచీకట్లో 500 మీటర్లు" అనే యాడ్ చూసి కొనేద్దాం అనుకుంటుంటే ముందు ఇది చదివి ఆ తర్వాత డబ్బు కట్టండి. పది ఇరవై వేలల్లో థర్మల్ మోనోక్యులర్ (ఒంటి వేడిని పట్టి చూపించే ఒంటికన్ను దుర్భిణి) అని పెట్టినవి నేను చూసినంతవరకు ఒక్కటీ థర్మల్ కాదు. నేను 18,500 పోసి తెప్పించింది కూడా కాదు.

మాది గిద్దలూరు వైపు, నల్లమల అంచు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే టైంకి పందులు మందలుగా దిగుతాయి, తెల్లారేసరికి చేను పడుకుని ఉంటుంది. టార్చ్ వేస్తే వెలుతురు మొదటి రెండు సాళ్ళ ఆకుల మీదే ఆగిపోతుంది, లోపల కరకర నమిలే చప్పుడు వినబడుతుంది గానీ ఏ మూల ఉన్నాయో తెలీదు. కొందరు కంచెకి కరెంటు పెడతారు, దానికి పందులే కాదు మనుషులూ పోతున్నారు, మనకి ఆ పాపం వద్దు, ఎటు దిగాయో కనిపిస్తే చాలు అటెళ్ళి టపాకాయలు పేల్చొచ్చు కదా అని ఈ పరికరం కోసం వెతికా.

లిస్టింగ్‌లో ఫొటోలు చూస్తే ఎవరైనా పడిపోతారు. జింక ఎర్రగా పసుపుగా మెరుస్తుంటుంది, చుట్టూ అడవంతా నీలం. టైటిల్‌లో థర్మల్, హీట్, ఇన్‌ఫ్రారెడ్ మూడూ ఉన్నాయి. వచ్చిన డబ్బా తెరిస్తే ముందు పెద్ద లెన్సు, దాని పైన ఇంకో చిన్న గుండ్రటి బల్బు, అది ఆన్ చేస్తే ఎదురుగా నిలబడ్డవాళ్ళకి లోపల సన్నగా ఎర్రగా కనబడుతుంది. వరండాలోంచి చూస్తే పాకలో బర్రె బ్రహ్మాండంగా కనబడింది, కళ్ళు రెండూ బల్బుల్లా మెరిసాయి. మెనూలో కలర్ మోడ్ పెడితే ఎరుపు పసుపు కూడా వచ్చాయి, కానీ బర్రె పక్కన సున్నం వేసిన గోడ కూడా బర్రె కంటే ఎర్రగా వచ్చింది, అక్కడే అనుమానం మొదలైంది.

చేలోకి తీసుకెళ్తే ఇంకా ఘోరం. ముందున్న ఆకులు తెల్లగా పేలిపోతాయి, వెనకంతా నల్లగా ఉంటుంది, అంటే టార్చ్‌తో ఏ బాధ ఉందో అదే బాధ. మంచు పడ్డ రాత్రైతే అసలు తెర మొత్తం తెలుపే.

మా పెద్దనాన్న కొడుకు సబ్‌స్టేషన్‌లో చేస్తాడు, జాయింట్లు వేడెక్కాయా అని చూడ్డానికి వాళ్ళు థర్మల్ కెమెరా వాడతారు కాబట్టి ఆయనకి ఇది కొట్టిన పిండి. పరికరం చేతిలోకి తీసుకుని "ఒరేయ్, టీవీ రిమోట్ తీసుకురా" అన్నాడు. రిమోట్ బటన్ నొక్కుతూ ఇందులోంచి చూస్తే దాని మూతి దగ్గర తెల్లగా టకటకా మెరుస్తోంది. "రిమోట్ లైటుని పట్టిందంటే ఇది థర్మల్ కాదురా, లైటు ఉన్న ఉత్త కెమెరా" అన్నాడు. తలుపులు మూసి, గదిలో లైట్లు తీసేసి, ఆ పైన బల్బు ఆపితే తెరంతా నలుపు, ఆయన నా ముందు కూర్చునే ఉన్నాడు, ఏమీ కనబడలేదు.

సెల్లర్‌కి చెప్తే ఏమన్నాడో తెలుసా, "సార్ ఇన్‌ఫ్రారెడ్ అన్నా థర్మల్ అన్నా ఒకటే సార్". ఒకటి కాదు. వీళ్ళ బల్బు వేసేది 850 నానోమీటర్ల (ఎన్ఎం) అలల పొడవున్న వెలుతురు, మన కంటికి సరిగ్గా ఆనదు గానీ కెమెరా సెన్సర్‌కి ఆనుతుంది, వెళ్ళి వస్తువుకి తగిలి వెనక్కి వస్తేనే బొమ్మ. ఇంట్లో సీసీ కెమెరా రాత్రి పూట చేసేది కూడా ఇదే. కొన్నింట్లో 940 వేస్తారు, అది ఎర్రగా కూడా కనబడదు గానీ దూరం ఇంకా తగ్గుతుంది. థర్మల్‌ది వేరే లెక్క, 8 నుంచి 14 మైక్రాన్ల అలల్లో ఒంటి వేడి దానంతటదే బయటికి వచ్చేదాన్ని పట్టుకుంటుంది, దానికి ఏ లైటూ అక్కర్లేదు. ఆ వేడి మామూలు గాజులోంచి పోదు కాబట్టి లెన్సు జెర్మేనియంతో చేస్తారు, రేటు అందుకే అంత. ఇంకో రకం ఉంది, సైన్యం వాడే ట్యూబ్ రకం, చుక్కల వెలుతురుని వేల రెట్లు పెంచి చూపిస్తుంది, మంచివైతే లక్షల్లో ఉంటాయి, అది మన ఊసు కాదు. చవక పరికరాల్లో ఆకుపచ్చ రంగు పెట్టేది మాత్రం దాన్ని చూసే, మనం మిలటరీ సామాను అనుకోవాలని.

తర్వాత అన్న స్నేహితుడి దగ్గర నిజమైన థర్మల్ తెప్పించి అదే చేలో పక్కపక్కన పెట్టి చూసాం. నా దాంట్లో ఆకులు తప్ప ఏమీ లేదు, థర్మల్‌లో మాత్రం సాళ్ళ మధ్య సందుల్లోంచి తెల్లటి మచ్చలు కదులుతున్నాయి, ఒకటి ఆగి మళ్ళీ కదిలింది. ఆకు అడ్డమొస్తే దానికీ కనబడదు, కానీ సందు దొరికితే చాలు పట్టేస్తుంది.

అలాగని నిజం థర్మల్ అమ్మేవాళ్ళు మాత్రం సత్యహరిశ్చంద్రులేం కాదు, దూరం విషయంలో వాళ్ళూ కోస్తారు. మేం చూసింది 256 బై 192 చుక్కల సెన్సర్, ఒక్కో చుక్క (పిక్సెల్) 12 మైక్రాన్లు, 10 ఎంఎం లెన్సు. లెక్క వేస్తే 100 మీటర్ల దగ్గర ఒక్కో చుక్కలో 12 సెంటీమీటర్లు పడుతుంది, అంటే మీటరుంపావు పంది పొడవునా పది చుక్కలు, పర్లేదు, పంది అని తెలుస్తుంది. 300 మీటర్ల దగ్గర అదే పంది మూడున్నర చుక్కలు, అది పందో కుక్కో వంగి కూర్చున్న మనిషో దేవుడికే తెలియాలి. డబ్బా మీద రాసే 500, 800 మీటర్లు "ఏదో ఉంది" అని కనబడే దూరం మాత్రమే, ఏముందో తెలిసే దూరం కాదు. ఎండాకాలం పొద్దుగూకాక చాలాసేపు గట్టు మీద బండరాళ్ళు కూడా వేడిగా తెల్లగానే కనబడతాయి. కారు అద్దం లోపల్నించి చూస్తే ఏమీ కనబడదు, కిందికి దిగాల్సిందే.

కొనే ముందు స్పెసిఫికేషన్ మొత్తం కిందిదాకా చదవండి. "ఐఆర్ ఇల్యూమినేటర్ 7 లెవెల్స్", "850ఎన్ఎం", "1080పి ఫుల్ హెచ్‌డీ సెన్సర్" అని ఉంటే అది థర్మల్ కాదు, ఈ రేట్లలో థర్మల్ సెన్సర్‌కి అంత రిజల్యూషన్ రాదు. నిజమైన దాంట్లో 256 బై 192, 384 బై 288 లాంటి చిన్న అంకెలు, ఎన్ఈటీడీ (ఎంత చిన్న వేడి తేడాని పట్టగలదో చెప్పే అంకె) ఇన్ని మిల్లీకెల్విన్లు అని ఉంటుంది. ఇంటికొచ్చాక రిమోట్ పరీక్ష చేయండి, గోడ మీద అరచెయ్యి కాసేపు ఆనించి తీసేయండి, థర్మల్ అయితే చెయ్యి లేకపోయినా చేతి అచ్చు కనబడుతుంది. పల్చటి నల్ల చెత్త కవర్లో చెయ్యి పెట్టినా వేళ్ళు కనబడతాయి, కెమెరా రకానికి ఈ రెండూ రావు. ఇవన్నీ డబ్బా తెరిచేటప్పట్నించీ ఫోన్‌లో వీడియో తీసుకుంటూ చేయండి, నాకు పనికొచ్చింది అదే.

సెల్లర్ ఇంకో మాట కూడా అన్నాడు, గన్ మీద కూడా ఫిట్ అవుద్ది సార్ అని. ఆ మాటలకి పడకండి, అనుమతి లేకుండా పందిని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే.

రిటర్న్ అడిగితే "ఎలక్ట్రానిక్స్ ఓపెన్ చేస్తే తీసుకోం" అంటారు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం యాడ్‌లో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే సెల్లర్ వెనక్కి తీసుకోను అనడానికి లేదు. సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయండి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. నేను లిస్టింగ్ స్క్రీన్‌షాట్లు, రిమోట్ వీడియో జతచేసి పెట్టాక సెల్లర్ దిగొచ్చి "3,000 ఇస్తాం, రివ్యూ తీసేయండి" అన్నాడు. తీయలేదు, కంప్లైంట్ ఇంకా నడుస్తోంది.

ఈలోగా అదే డబ్బా అవే జింక ఫొటోలతో, టైటిల్‌లో "హీట్ విజన్" అని మార్చి, ఇంకో సెల్లర్ పేరు మీద 14 వేలకే తిరుగుతోంది. అడుగున స్పెసిఫికేషన్‌లో 850ఎన్ఎం మాత్రం తీయడం మర్చిపోయారు.